ఫాస్ఫరస్ వదలని చేతులు

సునామీ నాటి భూకంపానికి అండమాన్‌లోని రంగత్‌లో మా బడి గోడలు బీటలు వారాయి. రేకుల షెడ్డులో క్లాసులు, ల్యాబు లేదు. అందుకే డీఎన్‌ఏ పాఠానికి పిల్లల్నే నిలబెట్టాను. కార్బన్, హైడ్రోజన్, ఆక్సిజన్, నైట్రోజన్, ఫాస్ఫరస్ అని రాసిన అట్టలు ఐదుగురి మెడల్లో వేసి, చేతులు పట్టుకోమన్నాను.

"అటూ ఇటూ పట్టుకుని గొలుసును కలిపేది ఫాస్ఫరస్. అది చెయ్యి వదిలితే గొలుసు తెగిపోతుంది" అంటుండగానే నేల కదిలింది.

"పానీ ఆ రహా హై, భాగో" అని, నీళ్లొస్తున్నాయి పరిగెత్తండని, రోడ్డు మీద ఎవరో హిందీలో అరిచారు. ఆ రోజుల్లో ఆ కేక వింటే ఊరంతా గుట్ట ఎక్కేసేది. మేమూ పరిగెత్తాం.

పైకి చేరాక కంగారులో పిల్లల పేర్లు నోటికి రాక, అట్టల మీది పేర్లే పిలిచాను. నలుగురు పలికారు. ఫాస్ఫరస్ పలకలేదు. క్లాసులో ఎప్పుడూ నోరు విప్పని గౌరి అది.

కాసేపటికి గౌరి ఎక్కి వచ్చింది, చెరో చేత్తో ఒకటో క్లాసు పిల్లల్ని పట్టుకుని.

"వీళ్లు ఎనకాల ఉండిపోనారు మేడమ్. ఫాస్ఫరస్ చెయ్యి వదిలితే తెగిపోద్దని మీరే కదా చెప్పారు."

నీళ్లు రాలేదు, అది ఉత్త పుకారే. ఇప్పుడు నేను రిటైరయ్యాను. మీ శిష్యుల్లో గొప్పవాళ్లెవరని అడిగితే మాత్రం, తడుముకోకుండా ఫాస్ఫరస్ అంటాను.