మూసిన గది ముందు మూగోడి సరసం

మొదటి జీతం చేతికొచ్చిన ఆ రోజుల్లో నాకు దయ్యాల మీద బొత్తిగా నమ్మకం ఉండేది కాదు. (జీతం తెచ్చుకునేవాళ్ల జోలికి అవి రావని కాబోలు నా ధీమా.) హిందూపురంలో ఒక బట్టల ఫ్యాక్టరీలో కంప్యూటర్ ముందు కూర్చునే పని, పొద్దున షిఫ్టు. సోమందేపల్లి దగ్గరి పల్లెలో మా పెద్దమ్మ ఇంట్లో ఉండి, బస్సులో పోయి, ఎండ ఇంకా మండుతుండగానే తిరిగొచ్చేదాన్ని. ఊరంతా తలుపులేసుకుని పడుకునే వేళ అది. పెరటి గడప మీద కూర్చుని అన్నం తింటూ మా మూడు పుంజుల సరసాలు చూడటం నా దినచర్య. వాటి ముందు ఫోన్లో వచ్చే వీడియోలన్నీ దిగదుడుపే.

పేర్లు పెట్టింది నేనే. సర్పంచుకి పలకరింపులు, బతిమాలడాలు లేవు. ఎదురొచ్చిన పెట్ట మీదికి ఎగబడటమే. మేస్త్రీ షోకిలా. ఒక రెక్క నేలకు రాస్తూ పెట్ట చుట్టూ అడ్డంగా అడుగులేస్తాడు, గింజ దొరికిందని ‘కుక్కుక్కుక్’ మంటూ పిలుస్తాడు. పెట్ట పరుగున వస్తే అక్కడుండేది గులకరాయి. (ఇలాంటి ఒకతను మా బస్సులోనూ ఉండేవాడు, ఆ సంగతి ఇక్కడొద్దు.) మూడోవాడు మూగోడు. కూత కూడా సగంలో మింగేసేవాడు. నిజంగా నూక దొరికినా తాను తినకుండా పిలిచి, పెట్టలన్నీ మేస్త్రీ వైపు పోతే ఆ నూక ముందే తల వంచుకుని నిలబడేవాడు. నాకు వాడంటే ప్రాణం. వాణ్ని కాస్త లెక్కచేసిన నల్లపెట్ట ఒకటుండేది గానీ అదీ కనబడకుండా పోయింది. ముంగిస ఎత్తుకుపోయిందనుకున్నాం.

పెరట్లోకి తెరుచుకునే గది ఒకటి ఉంది. అందులోనే పెద్దనాయన తల్లి, అంటే మా అవ్వ, చనిపోయింది. నక్షత్రం మంచిది కాదని, ఆరు నెలలు ఆ గది తెరవకూడదని పెద్దలు చెబితే, మంచం, పాత చీరలు, పైకప్పు దాకా పేర్చిన వేరుశనగ మూటలు ఎక్కడివక్కడే వదిలేసి, తలుపు మూసి కంపకొమ్మ అడ్డం పెట్టేశారు. గడువు ఇంకా తీరలేదు. అలాంటి గది ముందు ఒక మధ్యాహ్నం మూగోడు రెక్క వాల్చి నాట్యం చేస్తున్నాడు. ఎదురుగా పెట్ట లేదు, మూసిన తలుపే. ముక్కున నూక తెచ్చి గడప దగ్గర పెట్టి, ‘కుక్కుక్’ మని పిలిచి, మర్యాదగా రెండడుగులు వెనక్కి వేసి ఎదురుచూశాడు. నేను నవ్వబోయాను. అంతలో లోపలి నుంచి ‘గుర్ర్... గుర్ర్’ మని బదులొచ్చింది. చివరి రోజుల్లో అవ్వ గొంతులో కఫం ఆడిన చప్పుడు అచ్చం అదే. కళ్లు గట్టిగా మూసుకుని తెరిచేసరికి గడప దగ్గర నూక లేదు.

పళ్లెం అక్కడే వదిలేసి లోపలికి పరిగెత్తాను. వెంటనే ఎవరికీ చెప్పలేదు, చదువుకున్నదాన్ని కదా. మర్నాడూ అదే జరిగింది, ఆ తర్వాతా అదే. చివరికి ఫోన్లో వీడియో తీసి పెద్దనాయనకు చూపించాను. పాము కనబడితే చేత్తో పట్టుకునే మనిషి, ఆ చప్పుడు వినగానే ఫోను నా ఒళ్లోకి విసిరేశాడు.

“ఆ పుంజుకు ఏందో పట్టిండాది పాపా. మాయమ్మకు మేత పెడతాండాది అది. ఆదివారం కోసేస్తా.”

“వద్దు పెద్దనాయనా, అదేం చేసిండాది పాపం!”

“దాన్ని ఈడ పెట్టుకుంటే ఇంట్లో ఇంకొకరు పోతారు. నువ్వు నోరు మూసుకో.”

పెద్దమ్మ మాత్రం ఆ వీడియో మళ్లీ మళ్లీ పెట్టించుకుని వింది. “పుంజు జోలికి పోవద్దప్పా” అని మెల్లగా అనేసి పొయ్యి దగ్గరికి పోయింది. భయపడుతోందనుకున్నాను.

ఆదివారం పొద్దున పెద్దనాయన కత్తి నూరాడు. మూగోడు దొరక్కుండా పెరడంతా తిరిగి, తిరిగి, ఆ తలుపు దగ్గరే ఆగాడు. వెనక కత్తి వస్తుంటే పారిపోవాల్సింది పోయి, రెక్క వాల్చి మళ్లీ మొదలుపెట్టాడు! పెద్దనాయన చెయ్యి వాడి మెడ మీద పడబోతుండగా లోపలి నుంచి ఈసారి ‘కీచ్, కీచ్’ మంటూ సన్నని గొంతులు వినిపించాయి, ఒకటి కాదు, అరడజను. ఎంత దయ్యమైనా మా అవ్వ కోడిపిల్లలా అరవదనిపించింది. భయమో కోపమో తెలియదు, కంపకొమ్మ లాగి పారేసి తలుపు తోసేశాను. చేతికి ముళ్లు దిగినా తెలియలేదు.

అవ్వ మంచం కింద, జారిపడ్డ అవ్వ చీర మీద, నల్లపెట్ట రెక్కలు ఉబ్బించుకుని కూర్చుంది. పొదిగే పెట్ట గుర్రుమంటుంది కదా, మేం విన్నదదే. మిద్దె మీద వెలుతురు కోసం వదిలిన గవాచి మూత పక్కకు జరిగి ఉంది; అక్కడి నుంచి మూటల మీదుగా దిగి లోపలే గుడ్లు పెట్టి, పొదిగింది. తలుపు కింది సందులోంచి మొగుడు తెచ్చిన నూకలు తినేది. పిల్లలు కాళ్ల సందుల్లోంచి బయటికి దొర్లాయి. మూగోడు వాటి ముందు కాలరెగరేసి, జన్మలో మొదటిసారి కూత పూర్తిగా కూశాడు.

పెద్దనాయన కత్తి పడేసి కళ్లలో నీళ్లొచ్చేదాకా నవ్వాడు. నేనూ నవ్వాను, దయ్యాన్ని వెళ్లగొట్టిన గర్వంతో ఇంకా గట్టిగా. కాసేపటికి చూస్తే పెద్దమ్మ ఒక్కతే నవ్వడం లేదు. గది మధ్య నిలబడి, ఖాళీ మంచాన్ని చూస్తోంది.

“ఏం పెద్దమ్మా, ఇంకా భయమా?”

“భయం యాడిది పాపా. దినమూ మీరు లేనప్పుడు ఆ వాకిలి కాడ కూచోని మా అత్తతో మాట్లాడుతాంటి. ఇట్ల చేసినాను, అట్ల చేసినాను అని చెబుతాంటి. గుర్రుమని పలుకుతాండె. వచ్చిండాదిలే అనుకుంటి.”

అంతే అని, చీర మీది ఈకలు దులపడం మొదలుపెట్టింది.

ఇప్పుడు ధర్మవరంలో నా ఇంట్లో నేనూ కోళ్లను పెంచుతున్నాను. ఆ ఇరవై రెండేళ్ల పిల్ల గుర్తొస్తే నవ్వొస్తుంది, చెవి మెలిపెట్టాలనీ అనిపిస్తుంది. మూగోడి ప్రాణం కాపాడింది, మంచిదే. కానీ ఇప్పటి నేనైతే పెద్దనాయన చేతిలో కత్తి లాక్కుని, మూగోణ్ని చంకన పెట్టుకుని, తలుపు కింది నుంచి పిల్లలకు గుప్పెడు నూకలు తోసి, పెద్దమ్మకు ఇంకో మధ్యాహ్నం మాట్లాడుకోనిచ్చేదాన్ని.