లక్షవత్తుల బుట్టలో నల్లపెట్ట

ఆ రోజుల్లో కొత్తగా కాపురానికి వెళ్ళిన పిల్ల అత్తారింట్లో గట్టిగా నోరు తెరవాలంటే కనీసం ఒక పురుడైనా పోసుకుని ఉండాలనేవారు పెద్దవాళ్ళు. నేను రెండు నెలలు తిరక్కుండానే తెరిచాను. తెరిచింది అలాంటిలాంటి విషయానికి కాదు, మా అత్తగారికి కోళ్ళ పెంపకం మీద పాఠం చెప్పడానికి. ఆవిడ నేను పుట్టకముందు నుంచీ పెరట్లో కోళ్ళు పెంచుతున్న మనిషి. ఇప్పుడు తలుచుకుంటే, చీరా సారెతో పాటు ఆ నోటికి ఒక తాళం కూడా పెట్టి పంపడం మా అమ్మ ఎందుకు మర్చిపోయిందా అనిపిస్తుంది.

నా ధైర్యానికి కారణం లేకపోలేదు. మా నాన్న రాజమండ్రి అవతల ఒక గుడ్ల ఫారంలో సూపర్‌వైజరు. ఫారం పక్కనే మా ఇల్లు. తెల్లవారుజామున షెడ్లలో లైట్లు వెలగడం, వేల కోళ్ళు ఒక్కసారిగా మేలుకుని గోల చెయ్యడం, అదే నాకు సుప్రభాతం. "కోడి గుడ్డు పెట్టేది గింజల్ని చూసి కాదమ్మా, వెలుతుర్ని చూసి" అనేవారు నాన్న. చలికాలంలో పగలు తగ్గిపోతుంది కాబట్టి ఆ తగ్గిన వెలుతురు మనం బల్బుతో పూరిస్తే, కోడి చలికాలం వచ్చిందన్న సంగతే మర్చిపోయి పెట్టుకుంటూ పోతుందని చెప్పేవారు. బీకాం మూడేళ్ళూ చదివి నేను వంటబట్టించుకున్న దానికంటే ఈ ఒక్క ముక్కే నాకు బాగా గుర్తుంది. (బీకాం సంగతి ఇంక అడక్కండి.)

మా అత్తగారిది నిడదవోలు దగ్గర ఊరు. ఇంటి వెనక పెరడు, పెరడు దాటితే కాలవగట్టు. పెరట్లో తడికెల గూడు, అందులో నాలుగు పెట్టలు, ఒక పుంజు, ఇంకా గుడ్డు మొహం ఎరగని ఒక నల్లపెట్ట. దసరా వెళ్ళేసరికి పెట్టలన్నీ ఈకలు రాల్చుకుని, బోసి మెడలేసుకుని, గుడ్లు మానేశాయి. నాకు చెయ్యి దురద పెట్టింది.

"కోళ్ళు గుడ్లు మానేశాయేంటండీ అత్తయ్యగారూ?" అన్నాను, ఏమీ తెలియనిదానిలా.

"చలి పడుతోందిగా. మానేస్తాయి. ఎండలు ముదిరితే మళ్ళీ అవే పెడతాయిలే."

"చలికి కాదండీ. పగలు తగ్గిపోయి. తెల్లవారుజామునే ఓ బల్బు వెలిగిస్తే శుభ్రంగా పెడతాయి. మా నాన్నగారి ఫారంలో..." అంటూ అందుకున్నాను. ఎంతసేపు చెప్పానో తెలీదు గానీ, ఆవిడ చేటలో బియ్యం బాగుచెయ్యడం పూర్తయింది. అంతా విని, "వెలిగిస్తే వెలిగించుకో. కానీ అవి మళ్ళీ పెట్టేసరికి కార్తీకమాసం వచ్చేస్తుంది. తినేదెవరే?" అన్నారు.

నిజానికి కథ అక్కడే అయిపోవాలి. కార్తీకమాసంలో మా వైపు ఊళ్ళలో గుడ్డు అన్న మాటే వినపడదు. ఉల్లిపాయ కూడా సోమవారాలు బయటే. అదీగాక మా ఆయన ఆ ఏడు అయ్యప్ప మాల వేసుకుంటానని ముందే చెప్పేశారు. (వేసుకున్నారు కూడా. పెళ్ళయి నాలుగు నెలలైనా కాని పెళ్ళాన్ని పట్టుకుని "మాతా, కాసిన్ని మంచినీళ్ళు" అని అడుగుతుంటే నాకెలా ఉండేదో ఆ స్వామికే తెలియాలి.) కానీ నాకు కావలసింది గుడ్లు తినడం కాదుగా, నా మాట నెగ్గడం. ఆవిడ అడిగిన ప్రశ్న నా చెవిలోకి వెళ్ళనే లేదు.

ఇక్కడ మా అత్తగారి నోము గురించి చెప్పాలి. మా ఆయనకి సంబంధాలు వచ్చినట్టే వచ్చి తప్పిపోతున్న రోజుల్లో, "ఇంటికి మంచి కోడలు వస్తే శివుడికి లక్షవత్తులు వెలిగించుకుంటాను" అని ఆవిడ మొక్కుకున్నారట. నేను వచ్చాను. అంటే ఆ మంచి కోడల్ని నేనన్నమాట. పెళ్ళి ముహూర్తం పెట్టుకున్న రోజు నుంచీ ఆవిడ ఖాళీ దొరికితే చాలు, వేళ్ళకి కాస్త విభూతి రాసుకుని పత్తి వత్తులు చేసేవారు. ఒంటి చేత్తో చేశారు, ఎవరినీ ముట్టుకోనివ్వలేదు. కట్టలు కట్టలుగా కట్టి, పెద్ద వెదురుబుట్టలో మెత్తగా పేర్చి, పైన ఉతికిన పాతపంచె కప్పి సామాన్ల గదిలో పెట్టారు. కార్తీక పౌర్ణమి నాడు శివాలయంలో వెలిగించాలి. "ఆ గది తలుపు మాత్రం ఎప్పుడూ వేసే ఉంచమ్మా" అని నాకు చెప్పారు. అంతకుమించి ఆవిడ నన్ను అడిగింది ఏమీ లేదు.

పెరటి వైపున్న ప్లగ్గు ఆ సామాన్ల గదిలోనే ఉంది. నేను వైరు కొనిపించి, ప్లగ్గు లోంచి గుమ్మం మీదుగా పెరట్లోకి లాగి, గూట్లో నలభై వాట్ల బల్బు కట్టాను. వైరు అడ్డం పడి తలుపు పూర్తిగా పడేది కాదు, అరచెయ్యంత సందు మిగిలేది. "ఈ సందులోంచి ఏనుగు దూరుతుందా ఏంటి" అనుకున్నాను. (అవునండీ, అక్షరాలా అలాగే అనుకున్నాను.)

వీధిలో నా పేరు మార్మోగిపోయింది. ఎదురింటి పిన్నిగారని ఒకావిడ ఉండేవారు. ఆవిడ నోట్లో పడ్డ మాట ఊరు దాటేదాకా ఆగేది కాదు. కార్తీకం మొదలైన రోజున, కాలవ స్నానానికి వెళ్తూ మా గూడు వైపు చూసి, "ఏం అక్కా, మీ కోళ్ళు కూడా కార్తీక స్నానానికి లేచాయా? ఆకాశదీపం మొదట మీ గూటికే ఎత్తారే!" అంది. అందరూ నవ్వారు. అత్తగారూ నవ్వారు. నాకు మాత్రం ఒళ్ళు మండిపోయింది. నవ్వండి నవ్వండి, గుడ్డు పడ్డాక మాట్లాడదాం అనుకున్నాను.

పడింది. ఒకరోజు పొద్దున్నే గూట్లో చెయ్యి పెడితే వెచ్చగా తగిలింది. ఆ గుడ్డు పట్టుకుని పరుగెత్తాను. అత్తగారు అప్పుడే కాలవ నుంచి తడిబట్టలతో వచ్చి తులసికోట దగ్గర దీపం పెడుతున్నారు. "అత్తయ్యగారూ, చూశారా!" అని ఆవిడ ముక్కు కింద పెట్టాను. ఆవిడ రెండడుగులు వెనక్కి వేసి, "ఓసి పిచ్చిమొహమా, మడితో ఉన్నానే! దూరం దూరం!" అన్నారు. తర్వాత బట్టలు మార్చుకొచ్చి నెమ్మదిగా చెప్పారు. "నీ మాటే నెగ్గిందమ్మా. సరేనా? ఇంక ఆ బల్బు తీసెయ్యి. ఈ నెల మనింట్లో గుడ్లు వద్దు. వాటినీ కాస్త ఒళ్ళు కూడదీసుకోనీ."

సరేనన్నాను. తీయలేదు. ఆవిడ కాలవకి వెళ్ళగానే స్విచ్చి వేసేదాన్ని, వచ్చే అలికిడి వినపడగానే కట్టేసేదాన్ని. నెలాఖరుకి తట్టెడు గుడ్లు చూపించి వీధి వీధంతా నోరు మూయించాలని నా పంతం. గుడ్లు ఊకలో దాచాను. ఎస్టీడీ బూత్‌కి వెళ్ళి నాన్నకి ఫోన్ చేసి, "పెట్టేశాయి నాన్నా!" అని అరిచాను. ఆయన, "మీ అత్తగారు ఏమన్నారమ్మా?" అని అడిగారు. "లైను సరిగ్గా లేదు నాన్నా" అని పెట్టేశాను.

పౌర్ణమికి కొద్దిరోజుల ముందు నుంచి ఒక వింత మొదలైంది. నల్లపెట్ట కూడా పొద్దున్నే గుడ్డు పెట్టినట్టు కొక్కొక్కో అని ఊరంతా చాటేది, కానీ గూట్లో చూస్తే దాని గుడ్డు మాత్రం ఉండేది కాదు. పిల్లి అనుకున్నాను. పిల్లి కాదు. ఇంకెవరు మరి? సిగ్గు విడిచి చెప్తున్నాను, ఎదురింటి పిన్నిగారిని అనుమానించాను. ఆవిడ మా పెరట్లో కరివేపాకు కోసుకోవడానికి వస్తే వెనకాలే తిరిగి ఆవిడ కొంగు మూటకేసి చూసేదాన్ని. ఆ తర్వాత మాల వేసుకున్న మా ఆయన్ని కూడా అనుమానించాను. కళ్ళు పోతాయి.

పౌర్ణమి రోజు అత్తగారు పచ్చి మంచినీళ్ళు కూడా ముట్టలేదు. సాయంత్రం బుట్ట నాచేత పట్టించారు. మొదటిసారి నన్ను ముట్టుకోనిచ్చారు. "బరువుగా ఉందండీ" అన్నాను. "లక్షవత్తులు కదే, ఉండదూ!" అని మురిసిపోయారు. గుళ్ళో వీధి ఆడవాళ్ళంతా ఉన్నారు. పూజారిగారు పెద్ద మట్టి మూకుట్లో ఆవునెయ్యి పోసి, "బుట్ట ఇలా తెండమ్మా" అన్నారు. అత్తగారు కళ్ళకద్దుకుని పంచె తొలగించి లోపల చెయ్యి పెట్టారు. చెయ్యి అక్కడే ఆగిపోయింది. బయటికి తీసేసరికి అందులో గుడ్డుంది.

నేను వదిలిన తలుపు సందులోంచి దూరి, పంచె కిందికి చేరి, మెత్తటి పత్తిలో గుంట చేసుకుని, ఎంత చక్కగా పెట్టిందో ఆ నల్లముండ! ఒకదాని పక్కన ఒకటి. ఒకటి చితికి సొన అడుగుదాకా దిగింది. వత్తుల నిండా రెట్టలు, నల్ల ఈకలు. ఆరు నెలలుగా ఆవిడ వేళ్ళ మధ్య తిరిగిన వత్తులవి. పూజారిగారు చూసి తల అడ్డంగా ఊపారు. "ఇవి పనికిరావమ్మా. ఏం చెయ్యగలం?" అన్నారు.

నాకు కాళ్ళకింద భూమి బద్దలైపోతే బావుండుననిపించింది. బద్దలవలేదు. బద్దలైంది ఎదురింటి పిన్నిగారి నోరు. "మంచి కోడలొచ్చిందని చేసుకుంటున్న నోము కదా అక్కా! ఆ కోడలేగా బల్బులు పెట్టి..."

"ఆపవే" అన్నారు అత్తగారు. గొంతు పెంచలేదు. "బల్బు నేనే పెట్టమన్నాను. గది తలుపు తీసిపెట్టిందీ నేనే. దాన్నేమీ అనకు."

ఆవిడ మాట తక్కువ మనిషి, అబద్ధం అసలు ఎరగని మనిషి. అలాంటి మనిషి ఉపవాసం ఉండి, పౌర్ణమి నాడు, శివుడి ఎదురుగా నిలబడి రెండు అబద్ధాలు ఆడారు. ఆ తర్వాత పూజారిగారిని చిటికెడు పత్తి అడిగి తీసుకుని, అక్కడే కూర్చుని ఒక్క వత్తి చేసి వెలిగించి దణ్ణం పెట్టుకున్నారు. నేను ఆ బుట్ట పట్టుకుని కుక్కిన పేనులా నిలబడ్డాను.

ఇంటికొచ్చాక ఆవిడ కాళ్ళ మీద పడి ఏడ్చాను. "మీరు తీసెయ్యమన్నా నేను తియ్యలేదండీ" అన్నాను.

"తెలుసే. రోజూ కాలవగట్టు మీంచి కనపడుతూనే ఉందిగా పెరట్లో వెలుగు. చిన్నపిల్ల, ముచ్చట పడుతోందిలే అనుకున్నాను."

ఆ మాటతో నాకు ఏడుపు రెట్టింపైంది. "మరి దేవుడి ముందు నాకోసం అబద్ధం ఎందుకాడారండీ?"

"శివుడికి వచ్చే ఏడాదికి మళ్ళీ వత్తులు చేసి ఇచ్చుకోగలనమ్మా. ఊళ్ళో నీ పేరు పోతే అది నేను ఎక్కణ్ణించి చేసివ్వను?" అన్నారు. అని, లేచి వెళ్ళి పొద్దుట్నుంచీ ముట్టని మంచినీళ్ళు తాగారు.

మర్నాడే ఆవిడ పత్తి తెప్పించారు. అడక్కుండానే వెళ్ళి పక్కన కూర్చున్నాను. నేను చేసిన వత్తులు సన్నంగా ఒకచోట, లావుగా ఒకచోట, వానపాముల్లా వచ్చేవి. ఆవిడ వాటిని పారెయ్యలేదు. మళ్ళీ కార్తీకంలో అన్నీ కలిపే వెలిగించారు.

ఆవిడ ఇప్పుడు లేరు. నేనే అత్తగారినయ్యాను. మొన్నీమధ్య మా కోడలు నా ఉప్పాడ పట్టుచీరని వాషింగ్ మెషీన్లో వేసింది. బయటికొచ్చింది చూసి నేను పెట్టిన కేకలు రెండు ఫ్లాట్ల అవతలికి వినపడ్డాయి. పావుగంట అయ్యాక పక్కింటావిడ తలుపు కొట్టి, "ఏమైందండీ పిన్నిగారూ, కోడలు ఏం చేసింది?" అని ఆశగా అడిగింది. అప్పటికి గాని మా అత్తగారు గుర్తుకు రాలేదు నాకు. "అబ్బే, అదేం చెయ్యలేదమ్మా. చీర నేనే వెయ్యమన్నాను" అన్నాను. పక్కింటావిడ నమ్మలేదు. వెనకాల నిలబడ్డ మా కోడలు అయితే, కళ్ళు తుడుచుకుంటున్నదల్లా ఫక్కున నవ్వేసింది. నాకూ నవ్వొచ్చింది. ఏం చెయ్యను, ఆవిడైతే కేకలు వెయ్యకుండానే ఆ అబద్ధం ఆడారు. నేను అన్నీ అనేశాక ఆడాను.