ఆమె బదులు దిగాల్సిన నీళ్ళు

పోయిన నెల ఒక మంగళవారం పొద్దున కాలేజీకి బయల్దేరి మెట్లు దిగుతుంటే, కింది వాటా గుమ్మంలో ఆంటీ తమ్ముడు నిలబడి ఉన్నారు. చేతిలో ఫోను ఉంది గానీ ఎవరితోనూ మాట్లాడటం లేదు. "అక్క ప్రభువు దగ్గరికి వెళ్ళిపోయిందమ్మా. ఇప్పుడే. టీ పెట్టొచ్చేలోపే," అన్నారు. లోపల టీ ఇంకా మరుగుతూనే ఉంది. ముందు వెళ్ళి స్టవ్ కట్టేశాను. ఆ తరవాతే ఆమె మంచం వైపు చూడగలిగాను.

ఆమెకి డెబ్భై నాలుగేళ్ళు. ఫిల్మ్‌నగర్‌లో మా కింది వాటాలో ముప్ఫై ఏళ్ళున్నారు. సినిమాల్లో హెయిర్ డ్రెస్సర్. ఆమె పనిని మీరు చూసే ఉంటారు, కాని గమనించి ఉండరు. గమనించకపోవడమే ఆమెకి కావలసింది. "జుట్టు బాగుందని ఎవరన్నా అన్నారంటే నేనెక్కడో తప్పు చేసినట్టేనమ్మాయ్. చూసినవాళ్ళకి మనిషి గుర్తుండాలి, జుట్టు కాదు," అనేవారు. పిన్నులు పళ్ళ మధ్య పట్టుకునే మాట్లాడేవారు. ఎదుటివాళ్ళ కళ్ళలోకి కాక పాపిట వైపు చూసేవారు. నాకు పెళ్ళి కుదిరినప్పుడు మా అమ్మ కంటే ముందు నా దిగులు కనిపెట్టింది ఆమే. జుట్టు పొడిబారిందిట. నిద్ర లేకపోతే ముందు తెలిసేది జుట్టుకేనట.

ఆమెదో పొడుగాటి నోటుపుస్తకం ఉండేది. సినిమాలో రెండు నిమిషాల సన్నివేశాన్ని పది రోజులు తీస్తారు, మధ్యలో నెల విరామం కూడా రావచ్చు. ఆ పది రోజులూ హీరోయిన్ చెవి పక్క వెంట్రుకలు ఒకేలా పడాలి. అందుకని ఆమె ప్రతి షాట్ తరవాతా తల బొమ్మ వేసుకునేవారు, ముందు నుంచి ఒకటి, వెనక నుంచి ఒకటి. ముఖాలుండవు. చిన్నప్పుడు ఆ పుస్తకం తిరగేసి భయపడ్డాను. పెద్దయ్యాక ఆ బొమ్మల్లో గాలి ఎటు వీచిందో బాణం గుర్తు వేసి ఉండటం చూసి ఆశ్చర్యపోయాను. నేను చరిత్ర పాఠాలు చెబుతాను. ఆధారం అనే మాట రోజుకి పదిసార్లైనా వాడతాను. అంత శ్రద్ధగా రాసిన ఆధారాలు నేను పెద్దగా చూడలేదు.

ఇరవై ఏళ్ళ కిందట ఒక పాట కోసం ఆమె యూనిట్‌తో కలిసి వేల్స్ వెళ్ళారు. బ్రిటన్‌కి పడమటి అంచున, జనం పలకలెక్కి అలల మీద తేలే ఒక ఇసుక తీరం. ఆ ప్రయాణం గురించి ఆమె ఎన్నిసార్లు చెప్పారో లెక్కలేదు. కానీ చెప్పేది ఒక్క సంగతే.

అక్కడ ఒకావిడ నీళ్ళలోంచి బయటికొచ్చిందట. ఆంటీ వయసే, అంటే యాభై దాటినావిడ. నల్ల రబ్బరు సూటు, చంకలో తనకంటే పొడుగైన పలక. తెల్ల జుట్టు ఉప్పునీళ్ళకి చిక్కుపడి, సగం ముఖం మీద అంటుకుని ఉంది. "అంత పాడైపోయిన జుట్టు నా సర్వీసులో చూడలేదు. ఆవిడ దాన్ని చేత్తో కూడా తుడుచుకోలేదు, నవ్వుతోంది," అనేవారు ఆంటీ. ఆవిడ ఆంటీ చేతిలోని దువ్వెన చూసింది, చీర చెంగుకి గుచ్చిన పిన్నులు చూసింది, సముద్రం వైపు చూపించి చెయ్యి చాచింది. రమ్మని. ఆంటీ ఒక కాలి చెప్పు వదిలారు. అప్పుడే వెనకనుంచి షాట్ రెడీ అని కేక వినిపించింది. ఐదు నిమిషాలని ఐదు వేళ్ళు చూపించి పరుగెత్తారు. షాట్ అయ్యేసరికి వాన పట్టుకుంది, సామాను సర్దేశారు, బస్సెక్కించేశారు.

"ఐదు నిమిషాలన్నాను. ఆవిడ ఎంతసేపు చూసిందో ఏమో," అని ఆపేసేవారు.

ఆ నీళ్ళలో దిగాలన్న ఈ కోరిక మా అమ్మకి అర్థమయ్యేది కాదు. అమ్మది సిద్దిపేట, సముద్రం చూసింది జీవితంలో రెండుసార్లు. "మీ చీరాల పక్కన సముద్రం లేదా ఏంది? గంత దూరం పోయి మునుగుడెందుకు?" అని అడిగింది ఒకసారి.

"మా ఊళ్ళో మునిగితే ఊరంతా చూస్తుందండీ," అన్నారు ఆంటీ. ఇద్దరూ నవ్వుకున్నారు. కాని అది నవ్వులాట కాదని నాకు తెలుసు. ముప్ఫై ఏళ్ళు ఇతరుల జుట్టు చెదరకుండా కాపలా కాసిన మనిషి, తన జుట్టు పాడైనా ఎవరూ పట్టించుకోని చోటు ఒకటి చూసి వచ్చింది.

రెండేళ్ళ కిందట వేల్స్‌లోని ఒక విశ్వవిద్యాలయంలో మూడు వారాల పని మీద నేను వెళ్ళాల్సి వచ్చింది. టికెట్టు వచ్చిన రోజు ఆంటీ మెట్లెక్కి పైకి వచ్చారు. అప్పటికే మోకాళ్ళు పట్టేసి ఆర్నెల్లుగా పైకి రాని మనిషి. ఇసుకా వద్దు, గవ్వలూ వద్దు అన్నారు. "వీలైతే ఆ చోటికి వెళ్ళు. వెళ్తే నా బదులు నీళ్ళలో దిగు. కాళ్ళు తడిపి వచ్చేయకు. తల తడవాలి." సరే ఆంటీ అన్నాను. ఎంత తేలిగ్గా అన్నానో తలుచుకుంటే ఇప్పుడు సిగ్గేస్తుంది.

ఊరి పేరు ఆమెకి గుర్తులేదు. గుట్ట మీద కార్లు ఆపే చోటు, అక్కణ్ణించి ఇసుక దిబ్బల మధ్యగా దిగే చెక్క మెట్లు, నిలువెత్తు గడ్డి, పలకలు అద్దెకిచ్చే నీలం కొట్టు. ఇంతే చెప్పారు. నేను ఆ పాటని ఫోన్లో ఎక్కించుకున్నాను. హీరోయిన్ వెనక, కూర్చున్న ఒంటెలా ఉండే నల్ల బండ ఒకటి స్పష్టంగా కనిపిస్తుంది. దాన్ని పట్టుకుంటే చాలనుకున్నాను. విశ్వవిద్యాలయంలోవాళ్ళు నా వర్ణన విని రెండు మూడు తీరాల పేర్లు చెప్పారు. ఒకదాని పేరు నాకు ఇప్పటికీ సరిగ్గా పలకడం రాదు. ఫొటోల్లో దానికే చెక్క మెట్లు కనిపించాయి.

ఒక శనివారం బస్సెక్కి వెళ్ళాను. సంచిలో తువ్వాలు, ఇంకో జత బట్టలు. గుట్ట మీద కార్లున్నాయి, మెట్లున్నాయి, గడ్డి ఉంది. కొట్టు నీలం కాదు, ఆకుపచ్చ. దిబ్బలు దాటగానే ఎదురుగా అంత ఇసుక ఒక్కసారి పరుచుకుని ఉంటుందని ఎవరూ చెప్పలేదు. ఆటు సమయం, సముద్రం చాలా వెనక్కి పోయి ఉంది. గాలికి ఇసుక నేలబారుగా పాములా పాకుతూ చీలమండల్ని సూదుల్లా గుచ్చుతోంది. దూరంగా అలల మీద నల్లని చుక్కలు లేస్తున్నాయి, పడుతున్నాయి, మళ్ళీ లేస్తున్నాయి. జూన్ నెల, అయినా నా పళ్ళు టకటకలాడుతున్నాయి.

బండ లేదు.

ఈ చివర నుంచి ఆ చివర దాకా నడిచాను. పలకల కొట్టులో అమ్మాయికి ఫోన్లో పాట ఆపి చూపించాను. ఆమె మర్యాదగా రెండుసార్లు చూసి, తను ఇక్కడే పుట్టి పెరిగాననీ, అలాంటి బండ ఈ చుట్టుపక్కల లేదనీ చెప్పింది. ఇసుకలో కూర్చున్నాను. ఇది ఆ చోటు కాదు, కానప్పుడు తడిసి ఏం లాభం అనుకున్నాను. నీళ్ళ అంచు దాకా వెళ్ళి, బూట్లు విప్పకుండా నిలబడి, నాలుగు ఫొటోలు తీసుకుని, సాయంత్రం బస్సుకి వెనక్కి వచ్చేశాను. పొడి తువ్వాలు పొడిగానే సంచిలో ఉంది.

ఇంటికి వచ్చిన మర్నాడే కిందికి వెళ్ళి, ఆ చోటు దొరకలేదు ఆంటీ అని మొదలుపెట్టాను. ఆమె కళ్ళద్దాలు తుడుచుకుని నా ఫోను తీసుకున్నారు. రెండో ఫొటో దగ్గరే వేలు ఆగింది.

"ఇదే. ఈ మెట్ల కిందే నా పెట్టె పెట్టుకున్నా. దొరకలేదంటావేంటి?"

"మరి బండ లేదు కదా ఆంటీ."

ఆమె నా వైపు చూశారు, పాపిట వైపు కాదు, కళ్ళలోకి. తరవాత పొట్ట పట్టుకుని నవ్వారు. అక్కడ వాన తగ్గకపోవడంతో ఒక చరణం మిగిలిపోయిందట. ఇక్కడికొచ్చాక మన స్టూడియో ఫ్లోర్లోనే ఇసుక పోయించి, వెనక సముద్రం తెర కట్టి, పెద్ద ఫ్యాను పెట్టి తీశారట. తెర అతుకు కనబడకుండా థర్మోకోల్‌తో బండ చేసి, ప్లాస్టర్ పూసి, నల్ల రంగు కొట్టారు. అక్కడి గాలికి జుట్టు ఎలా ఎగిరిందో ఇక్కడి ఫ్యానుకీ అలాగే ఎగిరేలా చూసుకున్నది ఆంటీయే. తన పుస్తకంలోని బాణాల్ని బట్టి ఫ్యాను ఎక్కడ పెట్టాలో కూడా ఆమే చెప్పారట. "చదువుకున్నదానివి, సినిమాని నమ్మావటే," అన్నారు.

నమ్మాను. రెండు చోట్లా వెంట్రుకలు ఒకే వైపుకి, ఒకే ఊపుతో ఎగురుతుంటే రెండూ ఒకే చోటని నమ్మాను. నన్ను మోసం చేసింది బండ కాదు, ఆమె పనితనం. ఆ మాట చెబితే చాలా సంతోషించారు.

ఆ నవ్వు ఆగాక అడిగారు. "నీళ్ళెలా ఉన్నాయి?"

అబద్ధం చెప్పొచ్చు. చల్లగా ఉన్నాయి ఆంటీ అంటే సరిపోయేది. ఇప్పటికీ ఒక్కోసారి అలా అనేసి ఉండాల్సిందేమో అనిపిస్తుంది. కాని చెప్పలేకపోయాను. దిగలేదన్నాను. బండ లేదు కదా, వేరే చోటనుకున్నానన్నాను. ఆమె ఫొటోలోని నీళ్ళనే చూస్తూ, కోపం లేకుండా ఒక మాట అన్నారు.

"నిన్ను కూడా షాట్ రెడీ అని పిలిచారా ఎవరన్నా?"

ఎవరూ పిలవలేదు. అదే నా బాధ. నిజంగా బండ లేకనే ఆగిపోయానా? బండ కనిపించి ఉంటే దిగేదాన్నా? నలభై దాటిన ఒళ్ళు, తడిసి అంటుకునే బట్టలు, ముక్కూ మొహం తెలియని మనుషులు, చలి. వీటన్నిటికీ ఆధారాలు లేవన్న సాకు చక్కగా పనికొచ్చిందేమో. ఆమెకి ఐదు నిమిషాలు దొరకలేదు. నాకు మూడు గంటలు దొరికాయి.

ఆ తరవాత ఆమె ఆ విషయం ఎత్తలేదు. కాఫీకి పిలిచేవారు, మా అమ్మతో సీరియల్ గురించి వాదించేవారు. మధ్యమధ్యలో ఆ ఫొటో చూపించమనేవారు. అల ఎక్కడ విరుగుతోందో గోటితో చూపించి, ఇక్కడి దాకా నడిస్తే నడుము లోతు వస్తుందా అని అడిగేవారు. తెలియదు ఆంటీ అనేదాన్ని. ఆ జవాబు ఎన్నిసార్లు చెప్పానో. నా సందేహాలన్నిటిలోకీ నాకు బరువైనది అదే, ఆ నీళ్ళ లోతు.

ఆమె పోయిన మర్నాడు సమాధుల తోటలో పెట్టె మూసేముందు చివరిచూపుకి వరస కట్టాం. యూనియన్ నుంచి హెయిర్ డ్రెస్సర్లు ఇరవై మంది దాకా వచ్చారు. కొందరు షూటింగ్ మధ్యలో గంటసేపు అడిగి వచ్చినవాళ్ళు, భుజాన సామాన్ల సంచులతోనే ఉన్నారు. ఆ పొద్దున ఆంటీ శిష్యురాలు ఒకావిడ ఆమెకి తల దువ్వి, ఒక్క వెంట్రుక కదలకుండా పిన్నులు పెట్టింది. అయినా వరసలో వచ్చిన ప్రతి ఒక్కరూ వంగి, కళ్ళు తుడుచుకుని, చెయ్యి చాచి ఆ జుట్టుని కాస్త సవరించి వెళ్తున్నారు. సవరించడానికి ఏమీ లేదు. అలవాటైన చేతులు ఊరుకోలేదు, అంతే.

నా వంతు వచ్చింది. వంగాను. ఏం చేయబోతున్నానో నాకూ ముందు తెలియదు. ఆమె ఎడమ కణత దగ్గరి పిన్ను ఒకటి తీసేశాను. తెల్లటి పాయ ఒకటి జారి నుదుటి మీద పడింది.

నా వెనకే ఉన్న శిష్యురాలి చెయ్యి వెంటనే ముందుకొచ్చింది.

"ఉండనివ్వండి," అన్నాను.

ఆవిడ నా వైపు చూసింది. చాచిన చెయ్యి కాసేపు అలాగే ఉంచి, మెల్లగా వెనక్కి తీసుకుని కొంగులో చుట్టుకుంది. ఆవిడ తరవాత వచ్చినవాళ్ళెవరూ మరి ఆ జుట్టుని ముట్టుకోలేదు. పాదిరిగారు ప్రార్థన చేస్తున్నంతసేపూ తోట పక్క గుట్ట మీంచి గాలి వస్తూనే ఉంది. ఆ తెల్ల పాయ లేచి, ఆమె కనురెప్పల మీద పడి, పక్కకి ఎగిరి, మళ్ళీ నుదుటి మీద వాలింది. మూత తెచ్చేదాకా ఎవరూ దాన్ని సర్దలేదు.