బోర్లించిన కప్పు

మంగళవారం పొద్దున ఆఫీసుకి బయల్దేరుతుంటే విజయవాడ గుణదల నుంచి ఫోను వచ్చింది. మా ఇంగ్లీషు టీచరుగారు నిద్రలోనే పోయారని ఆవిడ పక్కింటామె చెప్పింది. చెప్పి, ఒక్క క్షణం ఆగి, "మీ కప్పు అలాగే ఉందండీ, ఏం చెయ్యమంటారు?" అని అడిగింది.

ఆ కప్పు సంగతి చెప్పాలంటే ముందు బిస్కెట్ల డబ్బా సంగతి చెప్పాలి. రిటైరయ్యాక టీచరుగారు ఆదివారాలు చర్చి నుంచి రాగానే ముందుగదిలో పెద్దవాళ్ళకి ఇంగ్లీషు చెప్పేవారు. ఇంటర్వ్యూలకు వెళ్ళేవాళ్ళు, నాలాంటి గుమస్తాలు ఓ ఏడెనిమిదిమందిమి చేరేవాళ్ళం. వాక్యాలు ఎవరివి వాళ్ళే రాసుకోవాలి. వాటిని కలిపే మాటలు మాత్రం డబ్బాలో చీటీల మీద ఉండేవి. బికాజ్, సిన్స్, ఆల్దో, అన్‌లెస్, అంటిల్. ఒకటి తీసి రెండు వాక్యాల మధ్య పెట్టి, ఇప్పుడిది నిజమేనా అని చూసుకోవాలి. తప్పా ఒప్పా అని ఆవిడ ఎప్పుడూ అడగలేదు. నిజమేనా అనే అడిగేవారు.

చీటీలకు కాగితం నేనే తెచ్చిచ్చాను. గవర్నర్‌పేటలో మా నాన్నగారి చీరల కొట్టుకు వచ్చిన పాత శుభలేఖలవి. వాటిని కత్తిరించి వెనకవైపు రాస్తూ, "మీ వినాయకుడి తొండం వెనక ఆల్దో పడిందమ్మా, ఏమనుకోడుగా?" అని మేరీమాత పటం కింద కూర్చుని కంగారుపడ్డారు. మేమందరం 'అయినా' అనడానికి ఆల్దో పెట్టి, మళ్ళీ దాని వెంట బట్ తగిలించేవాళ్ళం. తలుపేసి గొళ్ళెం పెట్టాక మళ్ళీ కుర్చీ అడ్డం పెట్టడం ఎందుకని నవ్వేవారు.

వెళ్ళేముందు ఒక్కొక్కళ్ళం ఒక చీటీ తీసి బల్ల మీద పెట్టి, టీ తాగిన కప్పు కడిగి దాని మీద బోర్లించి పోవాలి. మనం మళ్ళీ వచ్చేదాకా ఆ మాట ఇంకెవరూ ముట్టకూడదు. ఓసారి అన్‌లెస్ తీసుకున్నాయన పెళ్ళికి వెళ్ళి రాలేదు. ఆ పూటంతా మాలో ఎవరికీ షరతు పెట్టే దారి లేకపోయింది. ఇదేం పద్ధతండీ అంటే, ఒక మనిషి రాకపోతే లోటు తెలియొద్దా అన్నారు.

నాకు అమ్మానాన్నా లేరు. కంకిపాడులో అద్దె వాటాలో ఒక్కదాన్నే ఉంటాను. వారంలో ఆరు రోజులు ఆఫీసు మాటలు తప్ప ఎవరితోనూ మాట ఉండదు. ఆదివారం కోసమే మిగతా వారం గడిచేది. అందుకే విజయవాడకి బదిలీ చెయ్యమని దరఖాస్తు రాసుకుని, దిద్దమని ఓ ఆదివారం క్లాసులోనే ఆవిడ చేతికిచ్చాను. సిన్స్ మా టీచరుగారు పెద్దవయసులో ఒంటరిగా ఉంటున్నారు, అన్నది అందులో మొదటి మాట.

ఆవిడ కళ్ళజోడు తీసి తుడుచుకున్నారు. సిన్స్ అంటే అవతలివాళ్ళకు ముందే తెలిసిన కారణమనీ, ఇంతవరకూ చెప్పని కారణానికి బికాజ్ కావాలనీ మామూలుగానే చెప్పారు. తర్వాత మెల్లగా అన్నారు.

"నా ఒంటరితనం రాయకమ్మా. నువ్వు ఒంటరిగా ఉన్నావు, అందుకని వస్తానంటున్నావు. అది రాయి."

నాకు చర్రున కోపం వచ్చింది. అంతమందిలో నా గుట్టు విప్పినట్టయింది. అంత కోపంలోనూ అలవాటు కొద్దీ ఏ మాటో చూడకుండానే చీటీ తీశాను, కప్పు కడిగి బోర్లించాను. ఆదివారం వస్తావుగా అని వెనకనుంచి అడిగారు. చూస్తానండీ అన్నాను.

మూడు ఆదివారాలు వెళ్ళలేదు. మడతపెట్టిన బట్టలే మళ్ళీ మడతపెడుతూ, ఆవిడే ఫోన్ చేస్తారులే అని బెట్టు చేశాను. నా అంత మూర్ఖురాలు ఉండదు. ఆవిడ చెప్పింది నిజం కాబట్టే నాకంత రోషం వచ్చింది.

సమాధి కార్యక్రమం అయ్యాక ఆవిడ ఇంటికి వెళ్ళాను. మిగతా కప్పులన్నీ కడిగి అలమరలో పెట్టేసి ఉన్నాయి. బల్ల మీద నాదొక్కటే ఉంది. పక్కింటామె నా పక్కన నిలబడి చెప్పింది. "మూడు వారాలుగా ఆ మాట లేకుండానే నెట్టుకొచ్చారండీ. ఎవరో తియ్యబోతే టీచరమ్మగారు ఒప్పుకోలేదు. కోపంగా వెళ్ళింది, అయినా వస్తుంది, దాన్నే తియ్యనివ్వండి అన్నారు."

కప్పు ఎత్తి చూశాను. వినాయకుడి తొండం ఉన్న చీటీ.

దరఖాస్తు ఆవిడ చెప్పినట్టే మళ్ళీ రాశాను. రాశాక, ఇది నిజమేనా అని అడిగేవాళ్ళు లేరు. విజయవాడలో ఇప్పుడు నాకెవరున్నారని పంపను? బీరువాలో పెట్టేశాను.

కప్పు నన్నే తీసుకెళ్ళమంది పక్కింటామె. చీటీతో సహా తెచ్చి మా వంటింటి బల్ల మీద బోర్లించాను. ఆదివారం పొద్దున దాని చుట్టూ తడిగుడ్డతో తుడుస్తాను. కప్పు మాత్రం ఎత్తను.