హీరోగారి ప్రేమకు అడ్డమొచ్చిన పెళ్లికొడుకు

చేతిలో మంచి కెమెరా, ఎదురుగా మంచి బేరం ఉండి కూడా నా కొంప నేనే ఎలా ముంచుకున్నానో చెబుతాను. మొహమాటపడకుండా నవ్వండి.

దిల్‌సుఖ్‌నగర్‌లో ఫొటో స్టూడియో తెరిచాక నాకొచ్చిన మొదటి పెద్ద ఆర్డరు మన్సూరాబాద్ యాదగిరి గారిది. కూతురు శ్రావణికి ప్రీ వెడ్డింగ్ వీడియో తీయాలి. "మంచిగొస్తే మా చుట్టాల పెండ్లిలన్ని నీకే. ఖరాబైతే మాత్రం మా గల్లీల అడుగు పెట్టనియ్య" అన్నాడాయన. ఇంకేం, కాబోయే దంపతుల్ని బాపట్ల సముద్రానికి తీసుకుపోయాను.

పెళ్లికొడుకు నరేశ్ అలల్లో మోకాళ్ల మీద కూర్చుని శ్రావణికి గులాబీ అందిస్తున్నాడు. లెన్సులోంచి చూస్తే వాళ్ల వెనకాల... అమ్మబాబోయ్! టోపీ ముఖం మీదికి లాక్కుని, ఎవరో అమ్మాయి చెయ్యి పట్టుకుని నా అభిమాన హీరో! కటౌటుకు నేను పాలాభిషేకాలు చేసిన హీరో! గుండె బ్యాండుమేళంలా మోగింది. లెన్సు ఫోకస్ మొత్తం ఆయన మీదికి తిప్పేశాను. దేవుడే ప్రత్యక్షమైతే ఇక పూజారితో పనేముంది చెప్పండి?

"శ్రావణి గారూ, కొంచెం ఎడమకి జరగండి!"

"మేం కనవడుతున్నమా అన్నా?"

"అద్భుతంగా!"

"నా మోకాళ్లు పోతున్నయన్నా!" నరేశ్ మొత్తుకున్నాడు.

"ప్రేమంటే ఆ మాత్రం ఉండాలి బ్రదర్. కదలొద్దు!"

అవతల హీరో ఆ అమ్మాయి జుట్టులో ఇసుక దులుపుతున్నాడు మరి! ఎడిటింగ్‌కు కూర్చున్నప్పుడూ నా చూపు ఆయన్ని దాటలేదు. పాట కలిపి, నా భుజం నేనే తట్టుకుని, పెన్‌డ్రైవ్ ఇచ్చేశాను.

రిసెప్షన్ రోజు ఎల్బీనగర్ ఫంక్షన్ హాల్లో పెద్ద తెర వెలిగింది. హీరో తళతళలాడిపోతున్నాడు. ఆయన ముందు మాత్రం ఆవిరి పట్టిన ఇడ్లీల్లా రెండు తెల్లటి ఆకారాలు! కుర్రాళ్లు ఈలలు వేశారు. జనమంతా ఫోన్లు పట్టుకుని తెర వైపు ఉరికారు. వేదిక మీదున్న వధూవరుల్ని చూసే నాథుడే లేడు.

యాదగిరి గారు నా కాలరు పట్టుకున్నాడు. "నా బిడ్డ ఏడున్నదిరా?"

వేలితో ఒక ఇడ్లీని చూపించాను.

అంతలో ముందు వరుసలోంచి శ్రావణి నాయనమ్మ కేకేసింది. "హీరో మంచిగున్నడు, పిల్ల గూడ మంచిగున్నది. గా నడుమ అడ్డమొచ్చినోళ్లు ఎవలు కొడుకా? జర పక్కకు జరగమను!"

హాలంతా గొల్లుమంది. హీరోగారి ప్రేమ నెల తిరక్కుండానే ముగిసిందట. నాకైతే చుట్టాల పెళ్లిళ్లు కాదుగదా, మన్సూరాబాద్‌లో పాస్‌పోర్టు ఫొటో కూడా దక్కలేదు.

అందుకే నా ట్రైపాడ్ మూడు కాళ్లూ పట్టుకుని ప్రమాణం చేస్తున్నాను: ఇకమీదట ఆ సముద్రంలోంచి సాక్షాత్తూ లక్ష్మీదేవే లేచొచ్చినా సరే, "తల్లీ, కాస్త పక్కకి, పెళ్లికూతురు కనబడటం లేదు" అంటాను.