మూతకి పెట్టిన బొట్టు

నా చిన్నప్పుడు చోడవరం దగ్గర మా ఊళ్లో అందరూ ఏతాలతో నీళ్లు తోడుతుంటే, మా పెదనాన్న ఒక చిన్న పెట్రోలు ఇంజను కొని మా నూతి దగ్గర బిగించాడు. ఏటా దసరాకి దానికి తలంటు పోసినంత హడావుడి. ప్లగ్గు విప్పి మసి గీకేవాడు. పాత ఆయిలు తీసి కొత్తది పోసేవాడు. గాలి పోయే జాలీని కిరసనాయిల్లో కడిగేవాడు. ఆ తరవాత పసుపు, కుంకుమ పెట్టే పని ఒక ఏడు మొదటిసారి నా చేతికొచ్చింది. అప్పుడు నాకు తొమ్మిదేళ్లు.

ఆ ఏడు వానలు ముందే మొహం చాటేశాయి. పొట్ట మీదున్న వరికి నీళ్లందకపోతే గింజ తాలైపోతుంది. పండగ మర్నాడు ఇంజను వేస్తే, కాసేపు నడిచి ఆగిపోయింది. పెదనాన్న పెట్రోలు ట్యాంకు మూత తీసి, పుల్ల ముంచి చూశాడు. పెట్రోలు ఉంది. మూత పెట్టి తాడు లాగితే నడిచింది, మళ్లీ ఆగింది. ప్లగ్గు విప్పాడు, కార్బొరేటరు కడిగాడు. అన్నీ బాగానే ఉన్నాయి. పక్కచేను మావ ఏతం మీంచి కేకేశాడు: "నా ఏతానికి ప్లగ్గూ నేదు, రోగమూ నేదు బావా!"

నాకేమీ తోచక, ఇంజను అందుకున్నప్పటి నుంచి అంకెలు లెక్కపెట్టసాగాను. ఒకసారి ఆరువందల పన్నెండు. తరవాత ఆరువందల ఐదు. ఆపైన పెదనాన్న విసుగెత్తి, మూత తీయకుండానే తాడు లాగాడు. ముప్పై కూడా దాటలేదు.

"ఏటే గుంటా, ఏటి గొణుగుతన్నావు?"

"మూత తీసి సూసినప్పుడు ఆరొందలు నడుస్తంది పెదనాన్నా. సూడకపోతే నడవదు. పెట్రోలుని సూత్తే దానికి బలమొస్తదా?"

ఆయన నవ్వలేదు. చెవి దగ్గరగా పెట్టి, మూత మెల్లగా తిప్పాడు. ఉస్సుమని గాలి లోపలికి పోయింది. మూత నడుమ గాలి కోసం సన్నని బెజ్జం ఉందట. అది మూసుకుపోతే పెట్రోలు కిందికి దిగదట, మూత తీసినప్పుడల్లా గాలందుకుని కాసేపు దిగుతుందట. నా లంగాకున్న పిన్నీసు అడిగి తీసుకుని పొడిస్తే, ఎండిన పసుపు రాలింది. పండగనాడు నేను మూతకి పెట్టిన బొట్టే.

ఇంజను ఇక ఆగలేదు. రెండువేల దాకా లెక్కపెట్టి మానేశాను. ఏమైందని మావ అడిగితే, "దుమ్మడ్డం పడింది బావా" అన్నాడు పెదనాన్న. మరుసటి దసరాకి నా వేలు పట్టుకుని ఇంజను చక్రం మీద పెట్టి, "బొట్టిక్కడ" అన్నాడు. అంతే.

చెరిచిందీ నేనే, కారణం పట్టించిందీ నేనే. ఆ రోజు ఆయన నాలో ఆ ఇద్దరిలో ఎవర్ని చూశాడో, ఇన్నేళ్లు ఇన్ని లెక్కలు చేసినా నాకు తేలలేదు. ఇంట్లో పిల్లల పొరపాటు బయటపడినప్పుడు మాత్రం, నలుగురిలో నా నోట ముందుగా వచ్చే మాట, "దుమ్మడ్డం పడింది" అనే.