నీలం డ్రమ్ములో నీళ్లు

జెద్దాలో నర్సుగా పద్దెనిమిదేళ్లు నిండాయి. వారమంతా వార్డులో నిలబడి నిలబడి, శుక్రవారం ఒక్కరోజైనా తొమ్మిదింటిదాకా పడుకోవాలని ప్రతి వారం అనుకుంటాను. పడుకోనిచ్చేదెవరు? ఆ శుక్రవారం పొద్దున ఆరింటికే బాత్‌రూమ్‌లో నీళ్ల చప్పుడు. విసుక్కుంటూ లేచి వెళ్లాను. నాతో గదిలో ఉండే పిల్ల, మా భీమవరం వైపు నుంచే వచ్చిన నర్సు, నీలం ప్లాస్టిక్ డ్రమ్ము నింపుతోంది.

"ఏంటే, ట్యాంకరు రాదన్నారా?"

"అది కాదక్కా. నిన్న సాయంత్రం మీరే కదండీ సరేనన్నారు? మీ బాప్తిస్మానికి."

ఓరి దేవుడా అనుకున్నాను. అన్నమాట నిజమే. మూడు వారాలుగా చెవిలో జోరీగలా పోరుతుంటే, ప్రాణం విసిగి "సరేలేవే తల్లీ" అనేశాను. ఇక్కడ పాస్టరుగారిని ఎక్కడ తేగలం, తనే ముంచుతానంది.

మా ఫ్లాట్‌లో నలుగురం, నాలుగు ఫోన్లు, నాలుగు బోధలు. ఫోన్లో ప్రసంగాలు చెప్పే ఒకాయన బంగారం పెట్టుకుంటే పాపమంటాడు. ఆయన మాట విని రెండు నెలలు కమ్మలు తీసేశాను. చెవి తూట్లు పూడుకుపోతున్నాయని మళ్లీ పెట్టేసుకున్నాను. ఇంకొకాయన మాత్ర మింగితే అవిశ్వాసమంటాడు, పొద్దస్తమానం మాత్రలు పంచే మాతో! మరొకాయన శుక్రవారం చేసే ఆరాధన చెల్లదంటాడు. ఆదివారం ఆయనొచ్చి నా డ్యూటీ చేస్తాడా? ఇవన్నీ ఈ చెవిన విని ఆ చెవిన వదిలేశాను.

ఈ పిల్ల ఫోన్లో వినే చివరి బోధ మాత్రం నన్ను వదల్లేదు. నెత్తిన నీళ్లు చిలకరిస్తే అది బాప్తిస్మమే కాదట. నిండా మునగనివాళ్లకు పరలోకంలో చోటు లేదట. నాది చిలకరింపే. నా సంగతి సరే. నా మొదటి పాప మా ఊరి ఆస్పత్రిలో ఏడో నెలలోనే పుట్టి రెండు రోజులు బతికింది. పాస్టరుగారు పక్క ఊళ్లో పెళ్లి దగ్గరున్నారు, అందలేదు. డ్యూటీలో ఉన్న పెద్ద సిస్టరు కాచి చల్లార్చిన నీళ్లలో దూది ముంచి, పాపను పేరు పెట్టి పిలిచి, తండ్రి కుమార పరిశుద్ధాత్మ నామమంటూ నుదుటికి మూడుసార్లు అద్దింది. మూడో చుక్క కణత మీదుగా జారడం చూశాను. ఇన్నేళ్లూ ఆ చుక్కను పట్టుకునే బతికాను. ఇప్పుడెవరో ఫోన్లోంచి అది చాలదంటున్నారు. మూడు వారాలు తిండి సయించలేదు.

"ఎక్కండక్కా, స్టూలేశాను. నేను పట్టుకుంటాను," అంది పిల్ల. ప్రార్థన కూడా కాగితం మీద రాసుకొచ్చింది పాపం.

ఎక్కాను. కాదనడానికి కూడా ఓపిక కావాలి కదా! నా ఒంటికి ఆ డ్రమ్ము పడుతుందో లేదో కూడా చూసుకోలేదు. నైటీ పైకి పట్టుకుని ఒక కాలు లోపల పెట్టాను. నీళ్లు చల్లగా తొడదాకా వచ్చాయి. అక్కడే ఆగిపోయాను. ఇందులో మునిగితే ఆ చుక్క ఉత్తదేనని నేనే ఒప్పుకున్నట్టు. కాలు తీసేశాను.

"ఏమైందక్కా?"

"మరి నా పాపని ఏ డ్రమ్ములో ముంచుతావే?" అని అరిచాను.

పిల్ల తెల్లబోయింది. నాకలాంటి పాప ఉండేదని దానికి తెలీదు. స్టూలు మీదే కూలబడి, ఏడుస్తూనే అంతా చెప్పాను. ఆ పిల్ల పనిచేసేది నెలలు నిండని పిల్లల వార్డులో.

"ఎంత బరువుందక్కా?" అంది మెల్లగా.

"కిలో రెండొందలు."

పిల్ల తన అరచేతిలోకి చూసుకుంది. తర్వాత కుళాయి కట్టేసింది.

"నేను వాక్యం పెద్దగా చదువుకున్నదాన్ని కాదే," అన్నాను. "ఎవరైనా ఆధారాలు చూపించి వాదిస్తే ఓడిపోతాను. కానీ నా పాపను తీసుకెళ్లినవాడు నీళ్లు కొలిచి తీసుకెళ్లాడంటే మాత్రం నమ్మను."

ఆ మాట పైకి అన్నాక నాకు ఆకలేసింది. ఇద్దరం ఉప్మా చేసుకుని తిన్నాం.

మధ్యాహ్నం ఆ నీళ్లలోనే యూనిఫాంలు జాడించాం. ట్యాంకరు నీళ్లు పారబోసుకుంటామా? బాల్కనీలో ఆరేస్తూ పిల్ల నావైపు చూడకుండా అడిగింది.

"అక్కా, పాపకి ఏం పేరెట్టారు?"

ఇన్నేళ్లలో ఒక్కరూ అడగలేదు. చెప్పాను.